గోడ పక్కన దొరికిన నల్ల రాణి చీమ ఏ జాతి? 19 రోజులైంది, ఒక్క గుడ్డూ లేదు

కొత్తపుట్ట
వాన వెలిసిన రాత్రి గోడ వెంబడి పాకుతూ దొరికింది. నల్లగా ఉంది, మెరుపు తక్కువ, రెక్కలు లేవు, స్కేలు పక్కన పెట్టి చూస్తే 13 మి.మీ. అందరూ చెప్పినట్టే టెస్ట్ ట్యూబులో మూడో వంతు నీళ్లు, దూది, ఇవతల చివర ఇంకో దూది పెట్టి సొరుగులో చీకట్లో ఉంచా. తిండి ఏమీ పెట్టలేదు, రాణులకి మొదట్లో అక్కర్లేదని చదివా కాబట్టి. కాంపోనోటస్ అనే చీమల రకం అనుకుంటున్నా, ట్యూబ్ మీద మార్కర్‌తో రాసేశా కూడా. ఇవాళ్టికి 19 రోజులు. గుడ్డు సంగతి దేవుడెరుగు, ఒక్క చోట కుదురుగా ఉండట్లేదు, ఆ చివర్నించి ఈ చివరికి తిరుగుతూనే ఉంది, దూది పీకుతోంది. పైనుంచి తీసిన ఫోటోలు 3 పెట్టా. జాతి చెప్పండి, ఇంకెన్నాళ్లు ఆగాలో కూడా చెప్పండి.

గండుచీమ_ఫ్యాన్
కాంపోనోటసే, డౌటే లేదు. నల్లగా అంత పెద్దగా ఇంకేం ఉంటాయి. ఆగు, పెడుతుంది. లేసియస్ నైగర్ అనే నల్లచీమ జాతి రాణి ఒకటి మనుషుల దగ్గర దాదాపు 29 ఏళ్లు బతికింది, నువ్వు 19 రోజులకే కంగారు పడితే ఎలా

మూడోకన్ను
పైనుంచి తీసిన ఫోటో చూసి డౌటే లేదు అంటే ఎలా గురూ. కాంపోనోటస్ అనే ఒక్క జీనస్‌లోనే (దగ్గరి జాతుల గుంపు) వెయ్యికి పైగా జాతులు, వాటిలో ఎర్రవి పసుపువి రెండు రంగులవి అన్నీ ఉన్నాయి, మళ్లీ నల్లగా పెద్దగా ఉండి కాంపోనోటస్ కానివి బోలెడు. రంగు చూసి చీమ జాతి చెప్పడమంటే చొక్కా చూసి మనిషి పేరు చెప్పినట్టే. పక్కనుంచి తీసిన ఫోటో కావాలి. నడుం కనపడాలి.

దూదిబిళ్ళ
అది సరే, రోజుకి ఎన్నిసార్లు సొరుగు తీస్తున్నావ్, నిజం చెప్పు

కొత్తపుట్ట
ఒకసారి.
సరే, మూడుసార్లు.

దూదిబిళ్ళ
అనుకున్నా. టార్చి వేసి మరీ చూస్తుంటావు. సొరుగు గట్టిగా లాగితే ఆ కుదుపు చాలు దానికి భూకంపం వచ్చినట్టు. చూడకుండా ఉండలేకపోతే ట్యూబుకి ఎర్ర కాగితం చుట్టు, చాలా చీమలకి ఎరుపు సరిగా ఆనదు. జాతి ఏదైనా ముందు ఈ పని చెయ్.

ఉసుళ్ళవాన
కనీసం నీది చీమ. నేను మొదటిసారి వాన పడ్డ రోజు లైటు కింద రాలినవాటిలోంచి ఏరి ఏరి నాలుగు రాణుల్ని తెచ్చి నాలుగు ట్యూబుల్లో పెట్టి నాలుగింటికీ పేర్లు కూడా పెట్టుకున్నా. వారం తర్వాత మా అక్క చూసి ఒరేయ్ ఇవి ఉసుళ్లు రా, చెదపురుగుల్ని తెచ్చి ఇంట్లో పెంచుతున్నావా అని అరిచింది. అప్పుడు చూస్తే నిజమే, నడుం అనేదే లేదు, మీసాలు ఎక్కడా మడత పడకుండా పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉన్నాయి, ఊడిపోయిన రెక్కలు నాలుగూ ఒకే సైజు. చీమకైతే ముందు రెక్కలు పెద్దవి వెనకవి చిన్నవి, మీసం మోచెయ్యిలా వంగుతుంది. మా ఇంట్లో ఇప్పటికీ చెక్క బీరువాలో ఏ చప్పుడైనా నన్నే చూస్తారు.

ఆరుకాళ్ళు
నేను మగచీమను సాదిన ఆరు రోజులు. చిన్న తల, పెద్ద పెద్ద కండ్లు, సన్నటి పెయ్యి. రాణిగారు డైటింగ్ జేస్తున్నరు అనుకున్న 😂

చలిచీమ
జాతి సంగతి తర్వాత, ఇది జత కట్టిన రాణేనా? రెక్కలు లేవంటే జత కట్టినట్టే కదా, ఉంటే కట్టనట్టు. ఇదొక్కటి చూస్తే చాలు అనుకుంటా.

రెక్కలరాణి
అంత తేలిక కాదండి చలిచీమ గారూ. నా దగ్గర ఒకదానికి రెక్కలు నాలుగూ అలాగే ఉన్నాయి, అయినా గుడ్లు పెట్టింది, వర్కర్లు (పనిచేసే ఆడచీమలు) వచ్చాయి, రెండో విడత వర్కర్లు తిరుగుతున్నప్పుడు కూడా ఒక రెక్క వేలాడుతూనే ఉంది దానికి. ఇంకొకటి పట్టుకొచ్చిన గంటలోనే రెక్కలు విరగ్గొట్టుకుంది, ఆహా అనుకున్నా, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చినవన్నీ మగవే. జత కట్టకుండా కంగారులో రెక్కలు రాల్చేసుకునేవీ ఉంటాయి. రెక్కలు లేకపోతే కాస్త ఆశ పెట్టుకోవచ్చు, అంతవరకే.

చలిచీమ
అన్నీ మగవే ఎలా వస్తాయి అసలు

రెక్కలరాణి
మగచీమ ఫలదీకరణ కాని గుడ్డులోంచే వస్తుంది, అయిన గుడ్డులోంచి ఆడది. అంటే మగచీమకి తాత ఉంటాడు గానీ తండ్రి ఉండడు. పొడుపుకథ వేసుకోవచ్చు.

మూడోకన్ను
కొత్తపుట్ట గారూ, ముందు ఇది రాణా కాదా అన్నది తేల్చుకోండి, ఎందుకంటే పెద్ద తల వర్కర్‌ని రాణి అనుకుని నెలలు ఎదురు చూసినవాళ్లు ఈ గుంపులోనే ఉన్నారు, పేర్లు చెప్పను. వర్కర్ వీపు సన్నగా ఉంటుంది. రాణి ఒకప్పుడు ఎగిరింది కాబట్టి ఆ కండరాలన్నీ ఛాతీలో ఉండాలి, అందుకే ఛాతీ మూట కట్టినట్టు ఉబ్బి పైన పలకలు పలకలుగా కనిపిస్తుంది. రెక్కలు ఊడిన చోట రెండు పక్కలా చిన్న మొండి మచ్చలుంటాయి. నడినెత్తిన త్రికోణంగా మూడు చుక్కల కళ్లు, నా పేరు అక్కణ్ణించే వచ్చింది, వర్కర్లకి చాలా జాతుల్లో అవి ఉండవు.

ఆ తర్వాత నడుం. ఛాతీకీ పొట్టకీ మధ్య కణుపు ఒకటా రెండా లెక్క పెట్టండి. రెండుంటే ఎక్కువగా మిర్మిసినే ఉపకుటుంబం, ఆ పొట్ట పైనుంచి గుండె ఆకారంలో ఉండి రెండో కణుపు పొట్ట పైభాగానికి అతుక్కుని ఉంటే క్రెమటోగాస్టర్ అని అక్కడికక్కడే చెప్పేయొచ్చు. ఒకటే ఉంటే ఫార్మిసినే కావచ్చు, డోలికోడెరినే కావచ్చు, పొనెరినే కావచ్చు. అప్పుడు పొట్ట చివర చూడాలి. ఫార్మిసినే అయితే కొండి ఉండదు, గుండ్రటి చిన్న రంధ్రం, దాని చుట్టూ వెంట్రుకల అంచు, ఫార్మిక్ ఆమ్లం చిమ్మేది అందులోంచే. కాంపోనోటస్ ఫార్మిసినేలోదే, కాబట్టి కుట్టదు, కరుస్తుంది, కరిచిన చోట ఆమ్లం పోస్తుంది.

ఫోటో ఎలా తియ్యాలంటే, ట్యూబ్ గాజు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాన్లోంచి తీస్తే ఒళ్లంతా సాగి కనిపిస్తుంది. చిన్న పారదర్శకమైన డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు, 5 నిమిషాలు ఉంచండి, మందగిస్తుంది. కింద గ్రాఫ్ కాగితం పరవండి. ఫోన్‌కి తగిలించే లెన్స్ ఉంటే మంచిది, లేకపోతే కాస్త దూరంగా పట్టుకుని జూమ్ చెయ్యండి. ఖచ్చితంగా పక్కనుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి.

గండుచీమ_ఫ్యాన్
ఇంత పెద్ద పాఠం చెప్పి చివరికి కాంపోనోటసే అని తేలితే నవ్వుతా నేను

ఆరుకాళ్ళు
నేను ఆ మూడు ఫోటోలు ఫోన్ల గుర్తుపట్టే యాప్‌ల ఏసిన. మూడిటికి మూడు పేర్లు జెప్పింది. ఒకటైతే చీమే గాదు, కందిరీగ అట.

కొత్తపుట్ట
తీశా. కొత్త ఫోటోలు 4 పెట్టా చూడండి. నాకు కనిపించింది రాస్తా, తప్పైతే దిద్దండి. ఛాతీ ఉబ్బుగానే ఉంది, రెక్కల మచ్చలు ఉన్నాయి, నెత్తిన మూడు చుక్కలూ ఉన్నాయి, కాబట్టి రాణే. కణుపు ఒకటే. కానీ పల్చటి రేకులా లేదు, దిమ్మలాగా లావుగా నిలబడి ఉంది. పొట్టకి మొదటి పలక అయ్యాక చుట్టూ ఒక నొక్కు ఉంది, దారం కట్టి బిగించినట్టు. పొట్ట చివర గుండ్రటి రంధ్రం కోసం వెతికా, కనపళ్లేదు, సూదిలా ఏదో కాస్త బయటికొచ్చి లోపలికెళ్లింది. ఇంకోటి, పట్టుకున్న రోజు చిటికెన వేలు చురుక్కుమంది, కరిచిందనుకున్నా, ఆ సాయంత్రమంతా మంట పుట్టింది.

మూడోకన్ను
అయ్యా!! అది మొదటి పోస్టులో మొదటి వాక్యంగా రాయాల్సిన ముక్క! మీ వేలే పట్టేసింది జాతిని, మనమేమో ఇక్కడ రంగు గురించి కొట్టుకుంటున్నాం.

మూడోకన్ను
ఇప్పుడు ముఖం ఫోటో చూశా. మీసాలు మొదలయ్యే చోట్లు రెండూ నడిమికి దగ్గరగా ఉన్నాయి, వాటి మీద అర్ధచంద్రాల్లాంటి చిన్న రేకులు. కాంపోనోటస్‌కైతే అవి ఎడంగా, మూతి పైన ఉండే పలకకి దూరంగా ఉంటాయి, పక్కనే ఎస్ ఆకారంలో పొడుగాటి గట్లు. ఇది అది కాదు. దిమ్మ లాంటి కణుపు, పొట్ట మీద నొక్కు, కొండి, దగ్గర దగ్గరగా మీసాలు, ఇవన్నీ కలిపి చూస్తే పొనెరినే. జీనస్ చెప్పను, ఈ ఫోటోలతో చెప్పకూడదు. కానీ ఈపాటికి ఇది ఆకలితో ఉంటుంది. ఇవాళే తిండి పెట్టండి.

గండుచీమ_ఫ్యాన్
…

దూదిబిళ్ళ
నవ్వు మరి 😄

చలిచీమ
ఆగండాగండి. ఎక్కడ చూసినా రాణికి వర్కర్లు వచ్చేదాకా తిండి పెట్టొద్దు, కదిలించొద్దు అనే రాసుంటుంది. ఇప్పుడు పెట్టమంటున్నారు. ఏది నిజం?

మూడోకన్ను
రెండూ నిజమే, ఏ రాణికి అన్నదే తేడా. కాంపోనోటస్, లేసియస్, ఫీడోల్ లాంటి రాణులు గది మూసేసుకుని కూర్చుంటాయి, ఇక అక్కర్లేని రెక్కల కండరాల్నీ పొట్టలో కొవ్వునీ కరిగించుకుని వాటితోనే మొదటి పిల్లల్ని పెంచుతాయి. వాటినే ఫుల్లీ క్లాస్ట్రల్ అంటారు. పొనెరినేలో చాలా రాణులకి అంత నిల్వ ఉండదు, మధ్యమధ్యలో బయటికెళ్లి వేటాడి తెచ్చుకుంటాయి, సెమీ క్లాస్ట్రల్. మనం దాన్ని ట్యూబులో పెట్టి దూది బిగించేస్తే ఎక్కడికెళ్లి వేటాడుతుంది. ఆ దూది పీకడం, అటూ ఇటూ తిరగడం అదే అయ్యుండొచ్చు. కాంపోనోటస్ కూడా కొన్నిసార్లు అలా తిరుగుతుంది కాబట్టి అదొక్కటే పట్టుకుని నిర్ణయించలేం, అందుకే నడుం చూడమన్నది.

ఆరుకాళ్ళు
కొత్తపుట్టా, నేను జెప్పేది ఇను, జల్ది తిండి పెట్టు. నా కాడ సేమ్ గిట్లనే అయింది. నల్లగున్నది, పెద్దగున్నది, కాంపోనోటస్ అనుకున్న. తిండి పెట్టొద్దు ముట్టొద్దు అన్నరు, నేను మస్తు బుద్ధిమంతుని లెక్క ముట్టలే. మొదటి వారంలనే 4 గుడ్లు పెట్టింది, నేను ఫుల్ ఖుషీ. పది రోజులకు చూస్తే ఒక్కటే ఉన్నది. ఇంకో రెండు రోజులకు అదీ లేదు. ఆకలికి దాని గుడ్లు అదే తిన్నది. నేనేమో స్ట్రెస్ అనుకొని ఇంకింత చీకట్ల పెట్టిన. 34వ రోజు తీసి చూస్తే దూది పక్కన కాళ్లు ముడుచుకొని పడి ఉన్నది, పుల్లతోని కదిపితే ఒక్క మీసం కదిలింది, అంతే. సచ్చినంక లెన్స్ కింద పెట్టి చూసిన, కొండి గింత పొడుగు. అప్పటిదాంక నడుం చూడాలె అన్న సంగతే తెల్వదు నాకు.

నీదింక తిరుగుతున్నది కదా, మంచిదే. పెద్ద పురుగు ఏయకు, బెదురుతది. ఫ్రూట్ ఫ్లై తల నలిపి ఏయి, లేకుంటే పురుగు ముక్క కోసి పెట్టు. ఇంత తేనె చుక్క గూడ పెట్టి చూడు, ముడితే ముడతది. తినంగ మిగిలింది తెల్లారి తీసెయ్, బూజు పడ్తది.

ఉసుళ్ళవాన
ఆరుకాళ్ళు అన్నా నీ పోస్ట్ చదివి మా ట్యూబులన్నీ తీసి చూస్తున్నా ఇప్పుడు

దూదిబిళ్ళ
టార్చి వేసుకుని మరీ. నేను చెప్పేది ఎవరికీ పట్టదు

రెక్కలరాణి
రాణి సంగతి తేల్చేటప్పుడు ఇంకో తమాషా ఉందండి పొనెరినేలో. డయాకమ్మా అని ఒక జీనస్, దాన్లో రాణి శరీరంతో పుట్టే చీమే ఉండదు. వర్కర్లలోనే ఒకటి జత కట్టి గుడ్లు పెడుతుంది, దాన్ని గేమర్‌గేట్ అంటారు. పుట్టినప్పుడు ప్రతి వర్కర్‌కీ ఛాతీ మీద రెండు చిన్న బొడిపెలుంటాయి, గుడ్లు పెట్టే పెద్దమ్మ మిగతావాటి బొడిపెల్ని కొరికేస్తుంది, అవి పోయినవి ఇంక జత కట్టవు. కొత్తపుట్ట గారి దానికి రెక్కల మచ్చలు ఉన్నాయి కాబట్టి ఇది ఆ బాపతు కాదు. ఎవరికైనా రాణిలా లేనిది గుడ్లు పెట్టేస్తే ఆశ్చర్యపోకండని చెప్తున్నా.

చలిచీమ
అత్తాకోడళ్ల సీరియల్ కన్నా ఘోరంగా ఉందే

కొత్తపుట్ట
పెట్టా!! ఫ్రూట్ ఫ్లై ఒకదాని తల నలిపి పట్టకారుతో దూది పక్కన వదిలా. రెండు నిమిషాలు అసలు పట్టించుకోలేదు, దాని పక్కనుంచే రెండుసార్లు వెళ్లింది. మూడోసారి మీసాలు రెండూ ముందుకు చాపి, ఈగకి వేలెడు దూరంలో ఆగిపోయింది. కదల్లేదు. నేనూ ఊపిరి బిగబట్టా. ఒక్క దూకు దూకి నోట కరిచి, పొట్ట ముందుకి వంచి చచ్చిన ఈగనే మళ్లీ పొడిచింది. అప్పుడు కొండి స్పష్టంగా కనపడింది, తేనె రంగులో, సన్నగా. తర్వాత ఈడ్చుకుంటూ నీళ్ల వైపు మూలకి పోయింది. పొద్దున చూస్తే రెండు రెక్కలూ ఖాళీ డొల్లా మిగిలాయి, ఇది కదలకుండా కూర్చుని మీసాలు తుడుచుకుంటోంది. 19 రోజుల్లో ఇది కూర్చోగా చూడటం ఇదే మొదలు.

పాపం అనిపించింది. అన్నాళ్లూ పక్కన కాంపోనోటస్ అని రాసి పెట్టుకుని దాని కడుపు మాడ్చా.

ఆరుకాళ్ళు
బతికింది పో. రెండు మూడు రోజులకొకటి ఎయ్యి.

గండుచీమ_ఫ్యాన్
ఒప్పుకుంటున్నా, నాదే తప్పు. నేను ఆగమన్నట్టు ఆగుంటే చచ్చేది. పక్కనుంచి చూడకుండా ఇక జాతి చెప్పను, కనీసం ఈ వారం.

చలిచీమ
జీనస్ ఎప్పుడు తేలుతుంది మరి? ఏదో ఒక పేరు ఉండాలి కదా

మూడోకన్ను
వర్కర్లు వచ్చాక చూద్దాం. గుర్తింపు పట్టికలు చాలావరకు వర్కర్లని చూసి రాసినవే, రాణి ఒక్కదాన్ని పట్టుకుని వాటిలో వెతికితే మధ్యలో దారి తప్పుతాం. ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన చీమ జాతులు 14,000 పైనే. దొరికిన చోటు, నేల ఎలాంటిది, రాత్రా పగలా, వాన పడి ఎంతసేపైంది ఇవన్నీ రాసి పెట్టుకోండి, పేరు తేలేది సగం అక్కడే. చోటు ఇక్కడ అందరికీ చెప్పక్కర్లేదు, నాకు విడిగా పంపండి.

ఇంకొకటి, ట్యూబులో వర్కర్ల రోజులు వచ్చేలోపు కాస్త తడి ఇసుకో మట్టో పల్చగా వెయ్యండి. పొనెరినే లార్వాలు (గుడ్డులోంచి వచ్చే పిల్ల పురుగులు) ఒంటి చుట్టూ పట్టుగూడు అల్లుకుంటాయి, దారం పట్టించడానికి కింద ఏదో గరుకుగా ఉండాలి. నున్నటి గాజు మీద అల్లలేక చచ్చిపోతాయి కొన్ని.

చలిచీమ
రెక్కలరాణి గారూ మీ దగ్గర అన్ని కాలనీలు ఉన్నాయి కదా, నాకు ఒక రాణిని పంపరాదూ, మనం వేర్వేరు దేశాల్లో ఉన్నా పార్సెల్ చేస్తే సరిపోతుంది

రెక్కలరాణి
అస్సలు పంపనండి. దేశం దాటించడం నేరం అవ్వొచ్చు, పైగా తప్పించుకుంటే అక్కడి చీమలకి ముప్పు. 2025లో కెన్యాలో ఇద్దరు కుర్రాళ్లు దాదాపు 5,000 చీమల్ని, మెసర్ సెఫలోటీస్ అనే ఆఫ్రికా చీమ జాతి రాణులు చాలా ఉన్నాయి వాటిలో, అచ్చం మనం వాడే దూది ట్యూబుల్లో పెట్టుకుని పట్టుబడ్డారు, కోర్టు జరిమానా వేసింది. మీ చుట్టుపక్కల వాన పడనివ్వండి, దొరుకుతాయి.

ఉసుళ్ళవాన
దొరికాక నడుం ఉందో లేదో చూసుకోండి 🙏

కొత్తపుట్ట
27వ రోజు. మూడో ఈగ తిన్న మర్నాడు. నీళ్ల దూది పక్కన 3 గుడ్లు!!! తెల్లగా, గుండ్రంగా కాదు, బియ్యపు గింజని ఇంకా చిన్నది చేస్తే ఎలా ఉంటుందో అలా. ఒకదాన్ని నోట్లో పట్టుకునే తిరుగుతోంది.

దూదిబిళ్ళ
శుభం. ఇక సొరుగు ముయ్

గండుచీమ_ఫ్యాన్
పండగ చేసుకో బ్రో!! మార్కర్‌తో రాసింది చెరిపేశావా

కొత్తపుట్ట
స్పిరిట్‌తో తుడిచా. ఇప్పుడు పొనెరినే అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టా.

రెక్కలరాణి
ప్రశ్నార్థకం ఇంకోటి పెట్టండి. గుడ్లు పెట్టిందంటే జత కట్టిందని కాదు, పైన చెప్పా కదా. వర్కర్ వస్తే అప్పుడు తేలుతుంది. రెండు నెలలు పట్టినా పట్టొచ్చు, ఉష్ణోగ్రతని బట్టి.

దూదిబిళ్ళ
అందాకా చీకట్లో పెట్టి మర్చిపో

కొత్తపుట్ట
మర్చిపోతే ఈగలు ఎవరు వేస్తారండీ

దూదిబిళ్ళ
సరే, రెండు రోజులకోసారి గుర్తు తెచ్చుకో. మూడుసార్లు కాదు.